రోజుకి అరగంట, ఒక పావు వృత్తం

(2025 సెప్టెంబరు 21 ఆదివారం పొద్దున విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటర్ పిల్లలకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ ఒక టైలర్ గారు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం అండి. వెనక వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులో గాలి చప్పుడే వస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

నేను లెక్కల టీచర్ని కాదండి. కుట్టుపని చేస్తా. ఇరవై ఏళ్ళ నుంచి జాకెట్లు, లంగాలు, చుడీదార్లు, అంబ్రెల్లా ఫ్రాకులు. రేపటినుంచి నవరాత్రులు, ఇంట్లో ఇంకా పద్నాలుగు జాకెట్లు హుక్కులు కుట్టకుండా ఉన్నాయి, అయినా వచ్చా. ఎందుకు వచ్చానంటే ఒక్క మాట చెప్పాలని. త్రికోణమితిని ఎవరి సాయం లేకుండా ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. రోజూ కూర్చోవాలి, అంతే. నేను నేర్చుకున్నా కాబట్టి చెప్తున్నా.

నేను ఇంటర్ ఎంపీసీలో చేరినదాన్నే. ఫస్ట్ ఇయర్లో త్రికోణమితి మొదలైన రోజు మాకు ఒక కాగితం ఇచ్చారు, రెండువైపులా ఫార్ములాలు, సోమవారానికి బట్టీపట్టి రమ్మన్నారు. సైన్ అంటే ఏంటో ఎవరూ చెప్పలేదు. ఎదుటి భుజం బై కర్ణం అన్నారు, సరే, మరి 120 డిగ్రీలకి లంబకోణ త్రిభుజం ఎక్కడుంటుంది? అడగాలని ఉండేది, అడగలేదు. సెకండ్ ఇయర్ మధ్యలో పెళ్ళయింది, చదువు అక్కడితో ఆగింది. ఆ ప్రశ్న మాత్రం నాతోనే అత్తారింటికి వచ్చింది.

2023లో మా అమ్మాయి ఇంటర్లో చేరింది. హాస్టలు. ఆదివారం ఒక్కరోజే ఫోను. ఒక ఆదివారం ఫోన్లో ఏడుస్తోంది. "అమ్మా, సైన్ ఆఫ్ ఏ ప్లస్ బి అంటే సైన్ ఏ ప్లస్ సైన్ బి ఎందుకు కాకూడదు అని అడిగితే, కాదు, ఫార్ములా రాసుకో అన్నారమ్మా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళు గడిచినా అదే కాగితం, అదే సోమవారం. ఏ కాలేజీ అని అడక్కండి, అది కాదు విషయం. ఆ రోజు నా దగ్గర కూడా జవాబు లేదు, అదీ విషయం. ఫోను పెట్టేశాక చాలాసేపు మిషను ముందు ఊరికే కూర్చున్నా.

మర్నాడు పొద్దున నాలుగున్నరకి లేచి దాని టెన్త్ జామెట్రీ బాక్సు వెతికి తీశా. ఏం చెయ్యాలో తెలీదు. కుట్టుపనిలో ఏదన్నా అర్థంకాకపోతే ఏం చేస్తాం? కాగితం మీద గీసి కొలుస్తాం. అదే చేశా. నోటుబుక్కులో కింద ఎడమ మూల నుంచి 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో పావు వృత్తం గీశా. కోణమానిని పెట్టి పది పది డిగ్రీలకి చుక్కలు పెట్టా. ప్రతి చుక్క నుంచి కింద గీత మీదకి నిలువుగా ఒక గీత దించి, స్కేలుతో దాని ఎత్తు కొలిచా.

పిల్లలూ, పెన్ను ఉంటే రాసుకోండి. 10 డిగ్రీల దగ్గర ఎత్తు 1.7 సెంటీమీటర్లు. 20 దగ్గర 3.4. 30 దగ్గర సరిగ్గా 5. 40కి 6.4, 50కి 7.7, 60కి 8.7, 70కి 9.4, 80కి 9.8, 90కి 10. ఈ ఎత్తుల్ని పదితో భాగిస్తే వచ్చేదే సైన్. ఇంకేం లేదు దాంట్లో. చుక్క ఎంత ఎత్తులో ఉందో సైన్, ఎంత దూరం పక్కకి ఉందో కాస్.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్నకి రండి. 30 దగ్గర ఎత్తు 5. ఇంకో 30 కలిపితే 60. 5కి 5 కలిపితే 10 కదా, మరి 60 దగ్గర 10 ఉందా? లేదు, 8.7 ఉంది. 10 ఎక్కడుంది? 90 దగ్గర. ఎందుకని? మొదట్లో చుక్క నిటారుగా పైకి ఎక్కుతుంది, పైకి పోయేకొద్దీ పక్కకి వాలిపోతుంది, రెండో 30 డిగ్రీల్లో అంత ఎత్తు ఎక్కలేదు. బొమ్మ ముందుంటే చిన్నపిల్లకి కూడా కనపడుతుంది. నాకు ఆ పొద్దున కనపడింది. కళ్ళు చెమర్చాయండి, నిజంగా. పాతికేళ్ళు.

ఆ టేబులు పక్కన ఇంకో వరస రాశా, ఒక్కో అడుక్కీ ఎంత పెరిగింది అని. 1.7, మళ్ళీ 1.7, తర్వాత 1.6, 1.4, 1.3, 1.0, 0.7, 0.4, ఆఖరికి 0.2. తగ్గుతూ తగ్గుతూ పోతోంది. ఇది నేనేదో కనిపెట్టినట్టు అనిపించి రెండ్రోజులు అదే చూసుకుంటూ కూర్చున్నా. తర్వాత తెలిసింది, ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయంలో సైన్ పట్టిక ఇచ్చింది ఇలాగే. ఎత్తులు ఇవ్వలేదు ఆయన, పెరుగుదలలు ఇచ్చాడు. 90 డిగ్రీల్ని 24 ముక్కలు చేశాడు, ఒక్కోటి మూడుంబావు... కాదు కాదు, మూడు ముప్పావు డిగ్రీలు. వ్యాసార్థం 3438 తీసుకున్నాడు, ఎందుకంటే వృత్తం మొత్తం 360 ఇంటూ 60, అంటే 21,600 నిమిషాలు (ఇవి గడియారం నిమిషాలు కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు), దాన్ని రెండు పైతో భాగిస్తే దాదాపు అంత వస్తుంది. ఆయన వరస 225, 224, 222, 219, 215, 210... అలా తగ్గుతూ ఆఖరుది 7. అన్నీ కూడితే 3438. ఇంటికెళ్ళి ఆ 24 అంకెలూ వెతికి కూడి చూడండి.

అంకెలు అంకెల్లా రాయలేదు, అక్షరాల్లో రాశాడు. మొదటిది "మఖి". క నుంచి మ దాకా 25 హల్లులు మనం బళ్ళో వల్లించినవే, క అంటే 1, ఖ అంటే 2, అలా మ అంటే 25. ఇ గుణింతం వస్తే వంద రెట్లు. ఖి అంటే 200. మఖి, 225. అక్షరాలు వచ్చినవాడెవడైనా సైన్ పట్టికని శ్లోకంలా నోటికి పట్టుకుపోవచ్చు. అప్పుడు బట్టీ ఉంది, ఉండబట్టే అంతకాలం నిలిచింది, నేను బట్టీకి శత్రువుని కాదు. కానీ ఏం బట్టీపడుతున్నామో తెలిసి పట్టాలి కదండీ?

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు బాగా ఇష్టం. సైన్ అనే పేరు ఎక్కడిది? మీ టెన్త్ పుస్తకంలో వృత్తం పాఠంలో చాపం, జ్యా అని రెండు మాటలున్నాయి గుర్తుందా? చాపం అంటే విల్లు. జ్యా అంటే వింటినారి. వృత్తంలో ఒక ముక్క గీస్తే విల్లులాగే ఉంటుంది, దాని నారి జ్యా. మనవాళ్ళు ఆ నారిలో సగం తీసుకుని అర్ధజ్యా అన్నారు, వాడగా వాడగా జ్యా, జీవా అని మిగిలింది. నేను పావు వృత్తంలో దించిన నిలువు గీత ఆ సగం నారే. ఈ జీవా అరబ్బులకి చేరి జీబా అయింది. వాళ్ళ రాతలో అచ్చులు సరిగా రాయరు కాబట్టి అది "జ, బ" అని మాత్రమే ఉండేది. తర్వాత చదివినవాళ్ళు దాన్ని జైబ్ అని చదివారు. జైబ్ అంటే ఏంటో తెలుసా? బట్టకి మెడ దగ్గర, గుండె దగ్గర ఉండే తెరుపు, మడత. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినప్పుడు మడత అనే అర్థమొచ్చే సైనస్ అని పెట్టారు. అదే సైన్. ఆ జైబే పారశీకం, ఉర్దూల మీదుగా మనకీ వచ్చింది, జేబు అంటున్నాం. ఇరవై ఏళ్ళు జాకెట్ మెడలు కత్తిరించి, చొక్కాలకి జేబులు కుట్టినదాన్ని, ఆ మాట నా చేతుల్లోనే ఉందండి అన్నాళ్ళూ.

రేడియన్ దగ్గర చాలామంది పిల్లలు బెదురుతారు. పై బై సిక్స్, పై బై ఫోర్, అదేదో వేరే భాష అనుకుంటారు. దానికి నా టేపు చాలు. అంబ్రెల్లా కటింగులో నడుము 28 అంగుళాలు అనుకోండి, నడుము వృత్తానికి వ్యాసార్థం ఎంత పెడతాం? 28ని 6.28తో భాగిస్తే దాదాపు నాలుగున్నర. నాలుగు మడతలేసిన బట్ట మూల నుంచి నాలుగున్నర పెట్టి గుండ్రంగా గీస్తాం. ఇప్పుడు అదే నాలుగున్నర అంగుళాల టేపు ముక్కని ఆ గుండ్రం గీత మీద వంచి పరిస్తే అది మధ్య నుంచి ఎంత కోణం చూపిస్తుందో అదే ఒక రేడియన్. 57 డిగ్రీల చిల్లర. మొత్తం చుట్టూ అలాంటివి ఆరు, ఇంకొంచెం పడతాయి, ఆ ఆరూ ఇంకొంచెమే రెండు పై. వ్యాసార్థం నాలుగున్నరైనా, నలభై అయినా అంతే పడతాయి. డిగ్రీలు మనుషులు పెట్టుకున్న లెక్క, రేడియన్ వృత్తం తనే ఇచ్చే కొలత. ఏమ్మా, రాసుకుంటున్నావా? రాసుకోకు, ఇంటికెళ్ళి టేపు వంచి చూడు.

ఇక రోజూ ఎలా చేశానో అడిగారు చాలామంది, అది చెప్తా. పొద్దున నాలుగుమ్ముప్పావు నుంచి అయిదుంబావు దాకా. అయిదున్నరకి మాకు కుళాయి వస్తుంది, అంతకుముందు ఆ అరగంట నాది. మొదటి పది నిమిషాలు ఏ రోజైనా ఒకటే పని, కొత్త పేజీ, కొత్త వృత్తం, చూడకుండా 30, 45, 60 విలువలు బొమ్మలోంచి తియ్యటం. సమబాహు త్రిభుజం భుజం 2 అనుకుని నిలువునా సగానికి కోస్తే 1, 2, రూట్ 3 వస్తాయి. చతురస్రాన్ని ఐమూలగా కోస్తే 1, 1, రూట్ 2. రోజూ కొయ్యాలి. నిన్న వచ్చింది కదా అని వదిలెయ్యకూడదు. నలభై రోజులకి బొమ్మ చెయ్యి గీసేస్తుంది, మనసు వేరే పని చేసుకుంటుంది. తర్వాత పది నిమిషాలు కొత్తది, ఒక్కటే. ఆఖరి పది నిమిషాలు పాత లెక్క ఒకటి, పుస్తకం మూసి. తప్పు పోతే వేరే పుస్తకంలో ఎర్ర పెన్నుతో ఎందుకు తప్పుపోయిందో ఒక వాక్యం. లెక్క తిరిగి రాయటం కాదు, ఎందుకు పోయిందో రాయాలి. నా ఎర్ర పుస్తకంలో సగం వాక్యాలు ఒకటే, "రెండో పాదంలో కాస్ ఎడమవైపు ఉంటుందని చూసుకోలేదు" అని.

వృత్తంలో నాలుగు పావుల్ని నాలుగు పాదాలంటారు, ఏ పాదంలో ఏది ప్లస్సో గుర్తుండటానికి మీకు ఆల్ సిల్వర్ టీ కప్స్ అని నేర్పుతారు, మాకూ నేర్పారు. తప్పు కాదు. కానీ పూర్తి వృత్తం గీసుకున్నాక నాకు ఆ కప్పులతో పని పడలేదు. 150 దగ్గర చుక్క పైనే ఉంది కాబట్టి సైన్ ప్లస్, ఎడమ పక్క ఉంది కాబట్టి కాస్ మైనస్. దాని ఎత్తు 30 దగ్గర చుక్క ఎత్తే, అటు అద్దంలో చూసినట్టు. 120కి త్రిభుజం ఎక్కడుంటుంది అని నేను అడగలేకపోయిన ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది, త్రిభుజం అక్కర్లేదు, చుక్క ఉంటే చాలు. త్రిభుజంలో ఉన్నంతకాలం అది నిష్పత్తి, వృత్తం మీద తిరగటం మొదలుపెట్టాక ప్రమేయం, అంటే ఫంక్షన్. పాఠం పేరు మారింది అందుకే అని మాకు ఎవరన్నా చెప్పుంటే ఎంత బాగుండేది.

టాన్ కూడా అంతే. వృత్తానికి కుడి చివర ఒక నిలువు స్పర్శరేఖ గీయండి, మధ్య నుంచి కోణం గీత పొడిగిస్తే అది స్పర్శరేఖని ఎక్కడ తాకుతుందో ఆ ఎత్తే టాన్. 45కి సరిగ్గా వ్యాసార్థమంత. 80కి దానికి 5.67 రెట్లు, నా కాగితం దాటిపోయింది. 85కి 11 రెట్లు దాటింది, 89కి 57. 90కి ఆ రెండు గీతలూ సమాంతరం, ఇంక కలవవు. టాన్ 90 నిర్వచింపబడదు అని బట్టీపట్టిన ముక్కని కళ్ళతో చూడొచ్చు.

ఎక్కడా ఆగలేదా అంటే ఆగా. సైన్ సి ప్లస్ సైన్ డి, కూడికని గుణకారంగా మార్చే ఆ పరివర్తనాల దగ్గర మూడు వారాలు ఆగా. రోజూ కూర్చోవటం, రోజూ రాకపోవటం. ఒక రోజు ఏ ప్లస్ బి ఫార్ములానీ, ఏ మైనస్ బి ఫార్ములానీ ఒకదాని కింద ఒకటి రాసి కూడికలా కూడితే మధ్యవి కొట్టుకుపోయి, అదే బయటికొచ్చింది. కొత్త ఫార్ములా కాదది, పాత రెండిటి కూడిక. ఆ మూడు వారాలు వేస్టు అని నేననుకోను. కానీ మానేసి ఉంటే వేస్టే అయ్యేది. ఇంకో మాట, దసరా ముందు, సంక్రాంతి ముందు నాకు ఊపిరి తీసుకోటానికి ఉండదు, రాత్రి ఒంటిగంటదాకా మిషనే. అప్పుడు అరగంట అవదు. అయినా ఒక్క వృత్తం గీశా, అయిదు నిమిషాలు. పద్నాలుగు జాకెట్లున్నా ఇవాళా గీశా.

2024 జనవరి 19న స్వరాజ్ మైదానంలో అంబేద్కర్ గారి విగ్రహం ఆవిష్కరించారు కదా. అందరికీ తెలుసు, పీఠం 81 అడుగులు, విగ్రహం 125, మొత్తం 206. తర్వాత నెలలో మా అమ్మాయి సెలవకి వస్తే ఇద్దరం వెళ్ళాం, కొలుద్దామని. కోణమానినికి అడుగున కూల్‌డ్రింక్ స్ట్రా అంటించి, మధ్యలో దారం కట్టి, దారానికి మిషను బాబిన్ వేలాడదీశాం. స్ట్రాలోంచి శిఖరం చూస్తే దారం ఎక్కడ ఆగిందో చదవటం. చదివిందాన్ని 90లోంచి తీసెయ్యాలి, మొదటిసారి అది మర్చిపోయి 60ని 60 అనే రాసుకుంది, నేనేం అనలేదు, గీసి చూడమన్నా, గీశాక తనే కొట్టేసింది. పీఠం లోపల మధ్యకి టేపు పెట్టలేం, అందుకని రెండు చోట్ల నుంచి చూశాం. శిఖరం 45 డిగ్రీల్లో కనపడే చోట ఒక గుర్తు, అక్కణ్ణుంచి తిన్నగా వెనక్కి పోయి 30 డిగ్రీల్లో కనపడే చోట ఇంకో గుర్తు. ఎత్తు 1 అనుకుంటే మొదటి దూరమూ 1, రెండో దూరం 1.732, రెండు గుర్తుల మధ్య 0.732. ఆ మధ్య దూరం నా టేపుతో కొలిచాం. నా టేపు 5 అడుగులు. 29 సార్లు పడింది. 145 అడుగులు. భాగిస్తే 198, మన కంటి ఎత్తు దాదాపు 5, మొత్తం 203. మూడు అడుగులు తేడా, దారంతో, బాబిన్‌తో. నా కూతురు నా వంక చూసిన చూపు నేను మర్చిపోనండి.

పెద్దవాళ్ళు ఒకళ్ళిద్దరు అడిగారు, ఇదంతా దేనికి పనికొస్తుందని. మన ఇంట్లో కరెంటే సైన్ తరంగం. ఇబ్రహీంపట్నం థర్మల్ లాంటి చోట టర్బైను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 50 చుట్లు. ఆ తిరగటమే మన ప్లగ్గులో సెకనుకి 50 సార్లు పైకీ కిందకీ ఊగే వోల్టేజి. 230 వోల్టులు అంటాం గానీ దాని శిఖరం 325, రూట్ 2తో గుణిస్తే వస్తుంది. పై ఫ్యాను తిరుగుతోందంటే ఎక్కడో ఒక చుక్క వృత్తం మీద తిరుగుతున్నట్టే.

అమ్మానాన్నలకి ఒక్క మాట. పిల్లవాడు పొద్దున్నే లేచి ఒక వృత్తం గీసుకుని దాన్నే చూస్తూ కూర్చుంటే, ఇంకా ఒక్క లెక్క కూడా చెయ్యలేదేం అని అనొద్దు. ఆ పది నిమిషాలు వాడివి. మా ఇంట్లో ఆ పది నిమిషాలు నాకిచ్చింది మా అత్తగారు. పాల ప్యాకెట్లు తనే తెచ్చేవారు, నన్ను లేపకుండా... కాదు, నన్ను కదపకుండా. ఆమెకి సైన్ తెలీదు. నేను ఎందుకు కూర్చున్నానో తెలుసు.

టైము ఎంతయింది? పదకొండూ నలభై. సరిపోతుంది. ఆఖరుగా ఇంకొకటి. మా డాబా మీద బట్టలారేసే చోట ఒక మీటరు పొడుగు పైపు నిటారుగా పాతించా. వారానికొకసారి మధ్యాహ్నం దాని నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలిచి రాస్తున్నా, ఏడాది పైనే అయింది. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడే అవ్వాలని లేదు, మన గడియారం కాకినాడ దగ్గర్నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖది, మనం దానికి పడమర ఉన్నాం, పైగా నెలనిబట్టి కొన్ని నిమిషాలు అటూఇటూ అవుతుంది. డిసెంబరు 21 దగ్గర నీడ ఉత్తరానికి 84 సెంటీమీటర్లు. మార్చి 21కి 30. మే మొదటివారంలో ఒక రోజు నీడే లేదు, పైపు కాళ్ళకిందకి పోయింది. జూన్ 21కి దక్షిణం వైపు 12. ఇప్పుడు వందతో భాగించి టాన్ ఇన్వర్స్ తీయండి, అంటే టాన్ అంత రావాలంటే కోణం ఎంతో చూడండి. 0.84కి 40 డిగ్రీలు. 0.30కి దాదాపు పదహారున్నర, అది మన విజయవాడ అక్షాంశం. నలభైలోంచి పదహారున్నర తీస్తే ఇరవై మూడున్నర, భూమి అక్షం పక్కకి ఒరిగిన వంపు. బట్టలారేసే చోట నుంచి భూమి వంపు దొరికిందండి! ఆ కోణాల్ని వారం వారం గ్రాఫు మీద పెడితే ఏం ఆకారం వస్తుందో నేను చెప్పను.

ఈ హాలు డాబా మీద పొద్దున్నే ఒక మీటరు కర్ర నిలబెట్టి, తూకం గుండు కట్టి నిటారుగా ఉందో లేదో చూసి వచ్చా. రేపో ఎల్లుండో పగలూ రాత్రీ సమానం, అంటే ఇవాళ నీడ 28, 29 సెంటీమీటర్లు రావాలి, పన్నెండింటి దగ్గర్లో. మబ్బు కూడా లేదు. ఇద్దరు ముందు రండి, ఒకరు టేపు పట్టుకోండి, ఒకరు రాయండి. చెప్పులు వేసుకోండి, పైన కాలుతుంది. పదండి.